రెండో భూమి అంటున్న గ్రహాల్లో దేన్ని ఫాలో అవ్వాలి?

రెండు మూడు నెలలకోసారి "అచ్చం భూమి లాంటి గ్రహం దొరికింది" అని ఒక వార్త వస్తుంది. పక్కనే నీలి సముద్రాలు, తెల్లటి మబ్బులతో ఒక బొమ్మ ఉంటుంది, అది వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది, వారం తిరక్కుండానే అందరూ మర్చిపోతారు. ఆ బొమ్మ ఆర్టిస్టు ఊహించి గీసింది, ఫొటో కాదు. సౌరకుటుంబం బయట ఖరారైన గ్రహాల లెక్క 2025 సెప్టెంబరులో 6,000 దాటింది కానీ, భూమి సైజులో ఉండి, నేల ఎలా ఉందో కనిపించేలా ఫొటో తీసిన గ్రహం వాటిలో ఒక్కటి కూడా లేదు.

ఈ విషయం మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ల కోసం, పిల్లలు అడిగితే సరిగ్గా చెప్పాలనుకునే వాళ్ల కోసం, కాలేజీ ప్రాజెక్టుకి ఏదో ఒక గ్రహం ఎంచుకోవాల్సిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆరు వేల గ్రహాల్ని ఫాలో అవ్వడం ఎవరి వల్లా కాదు. ఒకటో రెండో ఎంచుకుని వాటి మీద వచ్చే ప్రతి కొత్త పరిశీలననీ చదువుకుంటూ పోతే ఏడాదిలో ఈ సబ్జెక్టు మీద మంచి పట్టు వస్తుంది, ఏ వార్తలో సరుకుందో ఏది ఉత్త హడావిడో మీకే తెలిసిపోతుంది. నా మటుకు నేను మొదట ట్రాపిస్ట్-1ఇ అంటాను, దాని తర్వాత ఎల్‌హెచ్‌ఎస్ 1140బి. పేపర్లలో ఎక్కువగా కనిపించే కెప్లర్-452బి, కె2-18బి నా లెక్కలో బాగా కింద ఉంటాయి. ఎందుకో చెబుతాను.

ముందు శుక్రుణ్ణి చూడండి

శుక్రుడి వ్యాసం భూమి వ్యాసంలో 95 శాతం, ద్రవ్యరాశి 81 శాతం. ఎక్కడో 40 కాంతి సంవత్సరాల దూరంలో ఎవరైనా ఉండి, మన దగ్గరున్న లాంటి పరికరాలతోనే మన సూర్యుణ్ణి గమనిస్తుంటే, శుక్రుణ్ణి కూడా "భూమి సైజు రాతి గ్రహం" అనే రాసుకుంటారు. అక్కడ నేల మీద వేడి 460 డిగ్రీల సెల్సియస్ పైమాటే, గాలి ఒత్తిడి మన దగ్గర కంటే 90 రెట్లు ఎక్కువ. సైజు తెలుసు, బరువు తెలుసు, ఎంత ఎండ పడుతుందో తెలుసు, అయినా గాలి సంగతి తెలియకపోతే అది నరకమో నందనవనమో చెప్పలేం.

భూమితో పోలికకి 0 నుంచి 1 దాకా మార్కులేసే ఒక సూచీ ఉంది, ఇంటర్నెట్‌లో దాన్ని బట్టి ర్యాంకులు కూడా ఇస్తుంటారు. ఈ గ్రహాలకి ఆ మార్కులు వచ్చేది చాలావరకు సైజు నుంచీ, పడే వెలుగు నుంచే. గాలి ఉందా లేదా అన్నది అందులో లేదు. అందుకే ఆ ర్యాంకులు చూసి గ్రహాన్ని ఎంచుకోవద్దంటాను. నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ గ్రహానికి గాలి ఉందో లేదో, ఉంటే అందులో ఏముందో, మనం బతికుండగా తెలిసే దారి ఉందా? ఉంటే దాన్ని పట్టుకోండి, లేకపోతే పేరు గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్లిపోండి.

ఎలా దొరికిందో తెలిస్తే సగం తెలిసినట్టే

ట్రాన్సిట్ అంటే గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటడం. దాటినంతసేపూ నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది, ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి గ్రహం సైజు లెక్కగడతారు. వినడానికి తేలికే కానీ, సూర్యుడి ముందు భూమి దాటితే తగ్గే వెలుగు సుమారు 0.008 శాతం, అది కూడా ఏడాదికి ఒక్కసారి, కొన్ని గంటల సేపు. పైగా కక్ష్య మన చూపుకి సరిగ్గా అడ్డంగా పడాలి, భూమి లాంటి కక్ష్యకి అలా పడే అవకాశం సుమారు రెండొందల్లో ఒకటి. అంటే ఈ పద్ధతికి చిక్కని గ్రహాలే చాలా ఎక్కువ.

అయినా దీని విలువ తక్కువేం కాదు. గ్రహం దాటేటప్పుడు నక్షత్రం వెలుగులో కొద్ది భాగం ఆ గ్రహం అంచున ఉండే గాలిపొర గుండా వచ్చి మనకి చేరుతుంది. మీథేన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, ఒక్కొక్కటీ ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుని మింగేస్తాయి. ఆ మింగిన జాగాలు వర్ణపటంలో, అంటే వెలుగుని రంగుల వారీగా విడదీసి గీసిన గీతలో, గుంతల్లా కనిపిస్తాయి. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు మొత్తం వేడి ఎంత తగ్గిందో కొలిస్తే గ్రహం పగటి వైపు ఎంత కాలుతోందో కూడా తెలుస్తుంది. 2021 డిసెంబరు 25న అంతరిక్షంలోకి వెళ్లిన జేమ్స్ వెబ్ టెలిస్కోప్ (ఇకపై వెబ్) రాతి గ్రహాల మీద చేస్తున్న ముఖ్యమైన పని ఇదే. ఇంత చిన్న రాతి గ్రహాలకి గాలి పరీక్ష చేయాలంటే ప్రస్తుతానికి అవి ట్రాన్సిట్ అయ్యేవై ఉండాలి.

రెండో పద్ధతి నక్షత్రం ఊగడాన్ని కొలవడం. గ్రహం తిరుగుతూ నక్షత్రాన్ని కూడా కొంచెం అటూ ఇటూ లాగుతుంది, ఆ లాగుడికి నక్షత్రం వెలుగు ఒకసారి నీలం వైపు, ఒకసారి ఎరుపు వైపు జరుగుతుంది. 1995లో మిషెల్ మేయర్, డిడియె కెలోజ్ సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదటి గ్రహాన్ని, 51 పెగాసి బిని, ఇలాగే పట్టుకున్నారు, దానికే 2019లో నోబెల్ వచ్చింది. మన సూర్యుణ్ణి గురుడు సెకనుకి పన్నెండున్నర మీటర్ల వేగంతో ఊపుతాడు, భూమి ఊపేది సెకనుకి 9 సెంటీమీటర్లు. ఈ పద్ధతిలో వచ్చేది బరువు, అదీ "కనీసం ఇంత" అని మాత్రమే, ఎందుకంటే కక్ష్య మనకి ఎంత వాలుగా ఉందో తెలియదు. వార్తలో "కనీస ద్రవ్యరాశి" అన్న మాట కనిపిస్తే అక్కడ ఆగి ఒకసారి ఆలోచించండి, అసలు బరువు అంతకంటే ఎక్కువే అయి ఉండొచ్చు, సైజు ఎవరికీ తెలియదు.

ఈ రెండో పద్ధతిలో మన దేశం కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు మౌంట్ అబూలో 1.2 మీటర్ల టెలిస్కోప్‌కి పారస్ అనే వర్ణపటమాపకం బిగించి, 2018లో సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక గ్రహం బరువు తేల్చారు. అది భూమికి దాదాపు 27 రెట్ల బరువు, 19.5 రోజులకో చుట్టు తిరుగుతుంది. భూమి లాంటిది కాకపోయినా, ఈ కొలత మన గడ్డ మీద జరగడం నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది. ఆ తర్వాత అక్కడే 2.5 మీటర్ల టెలిస్కోప్, పారస్-2 వచ్చాయి.

ఇంకో రెండు పద్ధతులున్నాయి, త్వరగా చెప్పేస్తాను. మైక్రోలెన్సింగ్‌లో ముందున్న నక్షత్రం, దాని గ్రహం కలిసి వెనకున్న ఇంకో నక్షత్రం వెలుగుని కాసేపు భూతద్దంలా పెంచుతాయి, అలా గ్రహం ఒకే ఒక్కసారి జాడ చూపించి పోతుంది, మళ్లీ దొరకదు, కాబట్టి ఫాలో అవ్వడానికి పనికిరాదు. నేరుగా ఫొటో తీయడం ఇప్పటికి గురుడి లాంటి, ఇంకా వేడిగా ఉన్న కుర్ర గ్రహాలకే ఎక్కువగా కుదురుతోంది. సూర్యుడి పక్కన భూమి వెయ్యి కోట్ల రెట్లు మసకగా ఉంటుంది మరి.

సూర్యుడి లాంటి నక్షత్రమా, ఎర్ర మరుగుజ్జా?

మీ ఎంపికలో అసలు మలుపు ఇక్కడే ఉంది. మన గెలాక్సీలో ప్రతి నాలుగు నక్షత్రాల్లో దాదాపు మూడు ఎర్ర మరుగుజ్జులే, అంటే చిన్నవి, చల్లనివి, మసకవి. నక్షత్రం చిన్నదైతే అదే సైజు గ్రహం దాన్ని ఎక్కువగా కప్పుతుంది. నివాసయోగ్య మండలం (నేల మీద నీరు నీరుగానే ఉండగలిగేంత వెచ్చదనం ఉండే దూరం) కూడా దగ్గరగా ఉంటుంది కాబట్టి గ్రహం రోజుల్లోనే ఒక చుట్టు పూర్తి చేస్తుంది, పరిశీలించే అవకాశాలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఈ సౌకర్యం వల్లే ఇవాళ మనం గాలి పరీక్ష చేయగలుగుతున్న చిన్న గ్రహాలన్నీ దాదాపు ఎర్ర మరుగుజ్జుల చుట్టూ ఉన్నవే.

నష్టాలు కూడా చిన్నవేం కావు. అంత దగ్గరగా తిరిగే గ్రహానికి చాలావరకు ఒకే ముఖం ఎప్పుడూ నక్షత్రం వైపు ఉంటుంది, ఒక పక్క ఎప్పటికీ పగలు, ఇంకో పక్క ఎప్పటికీ రాత్రి. ఈ నక్షత్రాలు వయసులో ఉన్నప్పుడు చాలా కాలం ఎక్కువ వెలుగుతో మండుతాయి, జ్వాలలు విసురుతాయి, గ్రహం గాలిని, నీటిని ఊడ్చేయగలవు. అందుకే కొంతమంది శాస్త్రవేత్తలు వీటి చుట్టూ ఉన్న రాతి గ్రహాలన్నీ ఉత్త బండరాళ్లే అంటారు, ఇంకొంతమంది లోపలి అగ్నిపర్వతాల నుంచి గాలి మళ్లీ పుట్టొచ్చు అంటారు. ఈ వాదన ఇంకా తేలలేదు, తేల్చగలిగే పరికరం మాత్రం ఇప్పుడు మన చేతిలో ఉంది. నాకు ఈ మొత్తం రంగంలో ఇంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న ఇంకోటి లేదు.

కెప్లర్-452బి: పేరు పెద్దది, సమాచారం తక్కువ

2015 జులైలో "భూమి 2.0" అని ప్రపంచమంతా మారుమోగింది ఇదే. నక్షత్రం సూర్యుడి జాతిదే, ఏడాది 385 రోజులు, వింటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఇప్పుడు దగ్గరగా చూద్దాం. నాసా కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ 2009లో వెళ్లింది, హంస, లైరా నక్షత్రమండలాల మధ్య ఒకే జాగాలో సుమారు లక్షన్నర నక్షత్రాల్ని నాలుగేళ్ల పాటు రెప్పవేయకుండా చూసింది. 385 రోజులకోసారి దాటే గ్రహం నాలుగేళ్లలో ఎన్నిసార్లు దాటుతుంది? నాలుగు సార్లు. ఒక్కోసారి తగ్గిన వెలుగు సుమారు 0.02 శాతం. మన దగ్గరున్న సాక్ష్యం మొత్తం ఆ నాలుగు చిన్న గుంతలే. 2018లో వచ్చిన ఒక విశ్లేషణ, ఇంత తక్కువ సిగ్నల్‌ని పరికరం నుంచి వచ్చే రొద కూడా పుట్టించగలదనీ, దీన్ని 99 శాతం నమ్మకంతో గ్రహం అనలేమనీ తేల్చింది. బరువు తెలియదు, ఎందుకంటే నక్షత్రం వెయ్యి కాంతి సంవత్సరాలకి పైగా దూరంలో ఉంది, ఊగడం కొలిచేంత వెలుగు రాదు. సైజేమో భూమికి 1.6 రెట్లు, సరిగ్గా రాతి గ్రహాలు అయిపోయి వాయువు కప్పుకున్న గ్రహాలు మొదలయ్యే హద్దు అది.

గాలి పరీక్షకి దారి లేదు, మళ్లీ ట్రాన్సిట్ కొలవడం కూడా కష్టమే. 2014లో వచ్చిన కెప్లర్-186ఎఫ్ సంగతీ ఇంతే, నివాసయోగ్య మండలంలో భూమి సైజుకి దొరికిన మొదటి గ్రహంగా చరిత్రలో ఉంటుంది, దాని గురించి కొత్తగా చదవడానికి పెద్దగా ఏమీ రాదు. కెప్లర్ గొప్పతనం వేరే ఉంది, చిన్న గ్రహాలు ఆకాశంలో మామూలు విషయమేనని లెక్కలతో నిరూపించింది. ఒక్కో గ్రహాన్ని అర్థం చేసుకోవడం దాని పని కాదు.

ప్రాక్సిమా బి: పక్కింటి గ్రహం, కానీ ముందు నుంచి దాటదు

దూరం 4.24 కాంతి సంవత్సరాలు, ఇంతకంటే దగ్గర నక్షత్రం సూర్యుడు తప్ప ఇంకోటి లేదు. 2016 ఆగస్టులో గిలెమ్ అంగ్లాడా ఎస్కుదే బృందం చిలీలోని లా సిల్లా అబ్జర్వేటరీ నుంచి ఈ గ్రహాన్ని పట్టుకుంది. ఆ గ్రహం తన నక్షత్రాన్ని ఊపే వేగం సెకనుకి 1.4 మీటర్లు, మనం రోడ్డు మీద మామూలుగా నడిచే వేగం అది. నాలుగు కాంతి సంవత్సరాల అవతల ఒక నక్షత్రం మనిషి నడకంత వేగంతో ముందుకీ వెనక్కీ జరుగుతోందని కొలవగలిగారంటే, దీన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు.

కనీస ద్రవ్యరాశి భూమికి దగ్గరదగ్గర సమానం, 11.2 రోజులకో చుట్టు. ఎంత వెతికినా ట్రాన్సిట్ కనబడలేదు, కాబట్టి సైజు తెలియదు, వెబ్ ఇప్పుడు చేస్తున్న లాంటి గాలి పరీక్ష కుదరదు. నక్షత్రం కూడా కోపిష్టిది, 2019 మే నెలలో ఒక జ్వాల విసిరినప్పుడు అతినీలలోహిత కాంతిలో కొన్ని సెకన్లలోనే 14,000 రెట్లు వెలిగింది. దీని టైమ్ రావాలంటే చిలీలో కడుతున్న 39 మీటర్ల ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోప్ పనిలోకి దిగాలి, అప్పుడు గ్రహం వెలుగుని నక్షత్రం వెలుగు నుంచి విడదీసి చూసే ప్రయత్నం చేయొచ్చు. పదేళ్లు ఓపిక పట్టేవాళ్లకి ఇది మంచి ఎంపికే. పిల్లలకి చూపించడానికి కూడా బాగుంటుంది: ప్రాక్సిమా కంటికి కనబడదు కానీ, దాని తోబుట్టువు ఆల్ఫా సెంటారీ మే నెలలో రాత్రి పదకొండు ప్రాంతంలో మన ఊళ్ల నుంచి దక్షిణాన, దిగంతానికి కాస్త పైన కనిపిస్తుంది. రాయలసీమ నుంచి ఇంకొంచెం పైకి ఉంటుంది.

ట్రాపిస్ట్-1ఇ: నా మొదటి ఎంపిక

కుంభ రాశిలో సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో, గురుడి కంటే కొంచెమే పెద్దదైన ఒక నక్షత్రం, పేరు ట్రాపిస్ట్-1. దాని చుట్టూ భూమి సైజులో ఏడు గ్రహాలు, లోపలి నుంచి వరసగా బి, సి, డి, ఇ అంటూ అక్షరాలతో పిలుస్తారు. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మికాయెల్ గియోన్ బృందం కేవలం 60 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో దీని మీద పడింది, 2016లో మొదటి ప్రకటన, 2017 ఫిబ్రవరికి ఏడింటి లెక్క తేలింది. అందుకోసం నాసా స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోప్ దాదాపు ఇరవై రోజులు వదలకుండా దీన్నే చూసింది.

ఇక్కడ నాకు నచ్చేది కొలతల నాణ్యత. ఈ ఏడు గ్రహాలూ పక్కపక్కనే తిరుగుతూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, దాంతో ట్రాన్సిట్ టైము కొన్ని నిమిషాలు ముందూ వెనకా అవుతుంది. ఆ తేడాల్ని ఏళ్ల తరబడి కొలిచి బరువులు తేల్చారు, తప్పు అయిదారు శాతానికి మించదు. ఇ గ్రహం సైజు భూమిలో 92 శాతం, బరువు 69 శాతం, పడే వెలుగు మనకి పడేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు, ఏడాది 6.1 రోజులు. నక్షత్రం ముందు దాటితే వెలుగు అర శాతం దాకా తగ్గుతుంది, సూర్యుడి ముందు భూమి చేసేదానికి ఇది దాదాపు అరవై రెట్లు. ఇలా అన్నీ ఒక్కచోట కుదిరిన రాతి గ్రహం నివాసయోగ్య మండలంలో ఇంకోటి చూపించడం కష్టం.

వెబ్ వరసగా లోపలి నుంచి మొదలుపెట్టింది. బి గ్రహం పగటి వైపు సుమారు 230 డిగ్రీలుంది, గాలి ఉండి ఉంటే వేడి రాత్రి వైపుకి కూడా పంచుకుని అంత కాలేది కాదు, కాబట్టి బండరాయి అనుకోవచ్చు. సి మీద శుక్రుడి లాంటి మందపాటి గాలి లేదు. డి మీద కూడా భూమి లాంటి గాలి జాడ దొరకలేదు. ఇ గ్రహం మీద తీసిన మొదటి నాలుగు ట్రాన్సిట్ల ఫలితాలు 2025 సెప్టెంబరులో వచ్చాయి: తేలికపాటి హైడ్రోజన్ గాలి లేదు, శుక్రుడి లాంటి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ ఉండే అవకాశం తక్కువ, నైట్రోజన్ ఎక్కువగా ఉన్న గాలి మాత్రం ఇంకా ఆటలోనే ఉంది, అసలు గాలే లేకపోవడం కూడా అంతే ఆటలో ఉంది. మీథేన్ ఉందేమో అన్నట్టు ఒక చిన్న సూచన కనబడింది, దాన్ని ఇప్పుడే నమ్మొద్దని అదే రంగంలో వాళ్లు గట్టిగా హెచ్చరించారు.

ఎందుకు నమ్మొద్దో తెలుసుకుంటే ఈ సబ్జెక్టులో సగం లోతు తెలిసినట్టే. ఆ నక్షత్రం ఉపరితలం మీద చల్లటి మచ్చలు, వేడి మచ్చలు ఉన్నాయి. అవి కూడా వర్ణపటంలో గుంతలు, గుట్టలు పుట్టిస్తాయి, పైగా ఒక్కో ట్రాన్సిట్‌కి ఒక్కోలా మారిపోతాయి, వాటి సైజు గ్రహం గాలి నుంచి రావాల్సిన సిగ్నల్ కంటే పెద్దది. దీనికి శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం చాలా బాగుంది. బి గ్రహానికి గాలి లేదని దాదాపు తెలిసిపోయింది కదా, బి, ఇ రెండూ కొద్ది గంటల తేడాతో దాటే రోజుల్ని ఏరుకుని రెండింటినీ కొలుస్తున్నారు. బి వర్ణపటంలో కనిపించేదంతా నక్షత్రం చేసిన అల్లరే, దాన్ని ఇ నుంచి తీసేస్తే మిగిలేది ఇ గ్రహానిది. ఇలా మరో 15 ట్రాన్సిట్లు ప్లాన్ చేశారు. ఫలితం "గాలి ఉంది" అని వచ్చినా "లేదు" అని వచ్చినా, ఎర్ర మరుగుజ్జుల మీద ఇన్నేళ్లుగా నడుస్తున్న వాదనలో అది పెద్ద అడుగే. అందుకే దీన్ని ముందు పెడుతున్నాను.

ఎల్‌హెచ్‌ఎస్ 1140బి: గట్టి పోటీదారు

2017లో దొరికింది, దూరం సుమారు 49 కాంతి సంవత్సరాలు. సైజు భూమికి 1.73 రెట్లు, బరువు 5.6 రెట్లు, రెండూ బాగా తెలుసు. ఈ రెంటినీ కలిపి చూస్తే ఉత్త రాయి కంటే కాస్త తేలిక, బరువులో 10 నుంచి 20 శాతం దాకా నీరు ఉండొచ్చని 2024లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం బృందం లెక్కగట్టింది. వెబ్ చూపిన వర్ణపటంలో నైట్రోజన్ గాలి ఉండొచ్చన్న సూచన కూడా వచ్చింది, అది ఇంకా ఖరారు కాలేదు. నక్షత్రం ట్రాపిస్ట్-1 కంటే నెమ్మదైనది, అది పెద్ద లాభం. చిక్కల్లా ట్రాన్సిట్ 24.7 రోజులకోసారి వస్తుంది, అందులో వెబ్‌కి చూడటానికి వీలయ్యేవి ఇంకా తక్కువ, కాబట్టి ఫలితాలు నిదానంగా వస్తాయి. భూమి కవల కాదిది, మంచు కప్పుకుని మధ్యలో ఎక్కడో సముద్రం తెరుచుకున్న లోకం కావచ్చు. గాలి నిజంగా దొరికే అవకాశం మీద పందెం కాయమంటే ట్రాపిస్ట్-1ఇ కంటే దీని మీదే కాస్తాను.

కె2-18బి మీద ఇంత గోల ఎందుకు?

కేంబ్రిడ్జ్‌లో పనిచేసే, భారత మూలాలున్న నిక్కు మధుసూదన్ బృందం 2023లో దీని గాలిలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చూపించింది, అది మంచి పని. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ ఉందేమో అన్నారు, భూమి మీద దాన్ని ఎక్కువగా సముద్రపు సూక్ష్మజీవులు తయారుచేస్తాయి కాబట్టి మన టీవీ ఛానెళ్లు కూడా "గ్రహాంతర జీవం" అని ఊదరగొట్టాయి. ఆ సంకేతం బలం మూడు సిగ్మా (అది కాకతాళీయం కాదని ఎంత నమ్మొచ్చో చెప్పే కొలమానం), శాస్త్రంలో ఖరారుకి కావాల్సిన ఐదు సిగ్మా దగ్గరికి రాలేదు. అదే డేటాని వేరే బృందాలు విశ్లేషిస్తే గట్టి సాక్ష్యం కనబడలేదు. అదే అణువు జీవమే లేని తోకచుక్కలో కూడా దొరికింది.

వీటన్నిటికంటే ముందు, ఇది భూమి లాంటి గ్రహమే కాదు. సైజు 2.6 రెట్లు, బరువు సుమారు 8.6 రెట్లు, హైడ్రోజన్ కప్పుకున్న గ్రహం. కింద సముద్రం ఉందా లేక చిన్న నెప్ట్యూన్ లాంటిదా అన్నది తేలలేదు. గాలి రసాయనం మీద ఆసక్తి ఉంటే తప్పకుండా ఫాలో అవ్వండి. రెండో భూమి కోసమైతే ఇది వేరే దారి.

మిగతావి

నాసా టెస్ అంతరిక్ష టెలిస్కోప్ పట్టుకున్న టీఓఐ-700 కుటుంబంలో డి, 2023లో బయటపడ్డ ఇ, రెండూ దాదాపు భూమి సైజువే, నక్షత్రం ప్రశాంతంగా ఉంటుంది, కానీ వంద కాంతి సంవత్సరాల దూరం, నక్షత్రం కూడా ట్రాపిస్ట్-1 అంత చిన్నది కాదు, గాలి పరీక్ష వెబ్‌కి చాలా కష్టం. 2024లో వచ్చిన గ్లీజ్ 12బి 40 కాంతి సంవత్సరాల దగ్గరుంది, దానికి పడే వెలుగు మనకంటే 1.6 రెట్లు, అంటే భూమికీ శుక్రుడికీ మధ్య రకం. శుక్రుడు ఎందుకు అలా అయిపోయాడన్నది మీ ప్రశ్న అయితే దీన్ని ఎంచుకోండి.

ఎర్ర మరుగుజ్జులు వద్దు, సూర్యుడి లాంటి నక్షత్రమే కావాలి అనేవాళ్లకి 2025లో ఖరారైన హెచ్‌డీ 20794డి ఉంది. 20 కాంతి సంవత్సరాల దూరం, ఇరవై ఏళ్లకి పైగా కూడబెట్టిన ఊగుడు కొలతల నుంచి బయటికి తీశారు. కనీస బరువు భూమికి దాదాపు ఆరు రెట్లు, ఏడాది 647 రోజులు, కక్ష్య ఎంత సాగి ఉంటుందంటే దగ్గరికొచ్చినప్పుడు శుక్రుడంత దూరానికి వస్తుంది, దూరం పోయినప్పుడు అంగారకుడి కక్ష్య దాటిపోతుంది. ట్రాన్సిట్ కనబడలేదు కాబట్టి గాలి సంగతి ఇప్పట్లో తెలియదు. భవిష్యత్తులో నేరుగా ఫొటో తీయాలనుకునే నాసా హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీకి ఇలాంటి దగ్గరి నక్షత్రాలే లక్ష్యం, కానీ అది 2040ల మాట.

చదవడం కాదు, చెయ్యాలంటే

ప్రోగ్రామింగ్ రానివాళ్లు, మామూలు జనం శాస్త్రవేత్తలకి సాయపడే వెబ్‌సైట్ జూనివర్స్‌లో ప్లానెట్ హంటర్స్ టెస్ ప్రాజెక్టులో చేరండి, ఉచితం. నక్షత్రం వెలుగు గీత తెర మీద వస్తుంది, గుంత ఎక్కడుందో గుర్తుపెట్టాలి, అంతే. 2012లో ఇలా వాలంటీర్లు కళ్లతో చూసి పట్టుకున్న గ్రహానికి పీహెచ్1బి అని పేరు, నాలుగు నక్షత్రాల కుటుంబంలో ఉంది. మొదటి రోజు గుంతకీ రొదకీ తేడా తెలియదు, ఓ వంద గీతలు చూసేసరికి కంటికి అలవాటవుతుంది.

పైథాన్ వచ్చిన విద్యార్థులకి లైట్‌కర్వ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది, టెస్ డేటా అంతా బహిరంగంగానే దొరుకుతుంది. మొదటి ప్రాజెక్టుకే టీఓఐ-700 జోలికి పోవద్దు, అందులో గుంత చాలా చిన్నది, దొరక్కపోతే ఉత్సాహం చచ్చిపోతుంది. వేడి గురుడు, అంటే నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగే గురుడి లాంటి గ్రహం, ఒకదానితో మొదలుపెట్టండి, హెచ్‌డీ 189733బి అయితే వెలుగు రెండు శాతం పైనే తగ్గుతుంది, 2.2 రోజులకోసారి. గుంత లోతు నుంచి సైజు మీరే లెక్కగట్టి, అచ్చైన విలువతో పోల్చుకోండి, ఆ తర్వాత చిన్న గ్రహాల దగ్గరికి రండి.

చిన్న టెలిస్కోప్, దానికి కెమెరా ఉన్నవాళ్లు ఇదే గ్రహాన్ని ఇంటి మేడ మీద నుంచి కూడా కొలవొచ్చు. మనకి ఈ నక్షత్రం దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తుంది, వానాకాలం మబ్బులు పోయాక అక్టోబరు, నవంబరు సాయంత్రాలు అనుకూలం. ట్రాన్సిట్ అన్నిసార్లూ మన రాత్రి వేళ పడదు, కాబట్టి టైము ముందే చూసుకోవాలి, మొదలవడానికి గంట ముందు నుంచీ అయ్యాక గంట దాకా ఫొటోలు తీస్తూనే ఉండాలి, లేకపోతే వెలుగు తగ్గిందని చెప్పడానికి పోలిక దొరకదు. నాసా ఎక్సోప్లానెట్ వాచ్ ఇలాంటి కొలతల్ని ఔత్సాహికుల దగ్గర నుంచి తీసుకుంటుంది, పెద్ద టెలిస్కోప్‌ల టైము వృథా కాకుండా ట్రాన్సిట్ వేళలు సరిచేయడానికి అవి పనికొస్తాయి.

ఈ ఎంపిక శాశ్వతం ఏమీ కాదు. యూరప్ వాళ్ల ప్లేటో టెలిస్కోప్ 2026 చివర్లోనో 2027 మొదట్లోనో వెళ్లాలి, 26 కెమెరాలతో వెలుగు బాగా ఉన్న సూర్యుడి లాంటి నక్షత్రాల చుట్టూ భూమి సైజు గ్రహాల్ని వెతుకుతుంది, నక్షత్రాలు దగ్గరివి కాబట్టి బరువు కూడా తేల్చే వీలుంటుంది. కెప్లర్-452బి ఇవ్వలేకపోయింది ఇదే. అది ఫలితాలివ్వడం మొదలుపెడితే నా జాబితా తిరగరాస్తాను. ఈలోగా ట్రాపిస్ట్-1ఇ మీద కొత్త ఫలితం అని వార్త వస్తే మొదట వెతకాల్సింది ఎన్ని ట్రాన్సిట్లు కలిపారు, బి గ్రహంతో పోల్చి నక్షత్రం మచ్చల్ని తీసేశారా అన్న రెండే. ఆ రెండూ వార్తలో లేకపోతే అసలు పేపర్ సారాంశం తెరిచి చూడండి, ఒక పేరా చదివితే చాలు.